ఆచంద్రార్కం... అనగా తదుపరి నోటీసు వచ్చేవరకు

పాత దానశాసనాలు ఎప్పుడైనా చూశారా? మా పాలమూరు వైపు వాటికి కొదవ లేదు. జడ్చర్ల పక్కన గంగాపురంలోనే కల్యాణి చాళుక్యుల నాటివి ఉన్నాయి. ఏ రాజుగారి దానశాసనం తీసుకున్నా దాదాపు వరస ఒకటే. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎంత భూమి, దానికి నాలుగు వైపులా హద్దులేంటి. ఆ తర్వాత "ఆచంద్రార్కం", అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఇది నీదే అని హామీ. చివర్లో ఒక శాపం. ఇచ్చిన భూమిని ఎవడైనా లాక్కుంటే వాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడని!

ఇప్పుడు ఏదైనా ఉచిత హోస్టింగు వాళ్ళ నిబంధనల పేజీ తెరవండి. అదీ దాదాపు ఇదే వరస. ఎవరిస్తున్నారు, ఎవరికి, ఎన్ని ఎంబీలు, హద్దులేంటి. కాకపోతే ఆచంద్రార్కం అని ఉండాల్సిన చోట "మేము ఎప్పుడైనా ఈ సేవను ఆపివేయవచ్చు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. పురుగు శాపం మాత్రం ఉండదు. ఉంటే యాహూ వాళ్ళకి చాలా జన్మలు పట్టేవి :)

స్టాటిక్ సైటు ఒకటి చేసి గిట్‌హబ్ లాంటి ఉచిత జాగాలో పెట్టడం ఈరోజు మన ఐటీ వాళ్ళకి పది నిమిషాల పని. ఇంత చిన్న పనికి చరిత్ర ఏముంటుంది అనుకోకండి. ముప్పై ఏళ్ళ పైబడిన కథ ఉంది. అందులో మన తెలుగు పేజీలు మునిగిపోయిన కథ కూడా ఉంది.

ముందు స్టాటిక్ సైటు అంటే ఏంటో ఒక్క ముక్కలో. సర్వర్లో ఫైలు ఎలా ఉందో అలాగే పంపించేసేది స్టాటిక్. మీరు అడిగినప్పుడల్లా డేటాబేసుని తవ్వి అప్పటికప్పుడు వండి వడ్డించేది డైనమిక్. 1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి సైటు స్టాటిక్కే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ వెబ్ సాంకేతికతను ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చని ప్రకటించింది. పేజీ రాయడం అలా ఉచితమైంది. మరి రాసిన పేజీని పెట్టుకోవడానికి జాగా? అది యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళకీ, కంపెనీల్లో ఉన్నవాళ్ళకీ మాత్రమే ఉండేది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ దొరకడమే 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్‌తో మొదలైంది.

ఆ జాగా అందరికీ పంచిపెట్టిన మొదటి పెద్ద దాత జియోసిటీస్. 1994లో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ అనే ఇద్దరు మొదలెట్టారు. వాళ్ళ ఐడియా భలే ఉండేది. సైటుని పేటలుగా విభజించారు. సినిమా వాళ్ళది హాలీవుడ్ పేట, కంప్యూటర్ల వాళ్ళది సిలికాన్ వ్యాలీ పేట. మీకిష్టమైన పేటలో ఖాళీ ఇంటి నెంబరు చూసుకుని దిగిపోవడమే. అద్దె లేదు, ప్రకటనలు మాత్రం భరించాలి. పునాది రాయి వేసిన ఇల్లులాగా "పని జరుగుతోంది" బొమ్మలు, వచ్చినవాళ్ళని లెక్కపెట్టే కౌంటర్లు, గెస్ట్‌బుక్కులు... ఆ రోజుల్లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళూ, ఇక్కడ నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చున్నవాళ్ళూ అక్కడ ఇళ్ళు కట్టారు. పాటల సాహిత్యం, కాలేజీ బ్యాచ్ ఫోటోలు, ఊరి విశేషాలు. అయితే తెలుగు ఎలా రాయాలి? రెండు దారులుండేవి. ఒకటి, రైస్ యూనివర్సిటీలో మన తెలుగువాళ్ళు తయారు చేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం. రెండోది, ప్రత్యేకమైన ఫాంటు ఒకటి తయారు చేసుకుని, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు ఇరికించడం. అప్పటి తెలుగు పత్రికల సైట్లన్నీ ఈ రెండో బాపతే. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. నిజానికి యూనికోడ్‌లో 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే తెలుగు ఉంది. కానీ అది మన కంప్యూటర్ల తెరమీదకి రావడానికి విండోస్ ఎక్స్‌పీ, అందులో గౌతమి ఫాంటు రావాల్సొచ్చింది. అంటే 2001.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఆర్‌టీఎస్‌లో రాసిన పేజీ ఎక్కడ కాపీ దొరికినా ఈరోజుకీ చదువుకోవచ్చు. సొంత ఫాంటులో రాసిన పేజీ మాత్రం ఫైలు భద్రంగా ఉన్నా, ఫాంటు పోతే పిచ్చిగీతలే. 'పద్మ' లాంటి మార్పిడి పరికరాలు ఉండబట్టి కొంత బతికింది. అంటే రాయి ఉన్నంత మాత్రాన చాలదు, లిపి చదివేవాడు కూడా ఉండాలి. శాసనాల వాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

సరే, జియోసిటీస్‌ని 1999లో యాహూ కొనేసింది. మూడున్నర బిలియన్ డాలర్ల పైమాటే. కొన్న కొద్ది నెలలకే, జూన్‌లో, కొత్త నిబంధనలు పెట్టింది. మీరు ఇక్కడ పెట్టిన రాతల మీదా బొమ్మల మీదా మాకూ హక్కులుంటాయి అన్నట్టుగా. జనం ఊరుకోలేదు. తమ పేజీలకి రంగులు తీసేసి బూడిద రంగు పూసి నిరసన తెలిపారు. యాహూ వెనక్కి తగ్గింది. కానీ "ఈ ఇల్లు నాది కాదు" అనే సంగతి జనానికి మొదటిసారి తెలిసొచ్చింది అప్పుడే. చివరికి 2009 అక్టోబరు 26న అమెరికాలో జియోసిటీస్ మూసేశారు. మూతకి ముందు కొన్ని నెలల నోటీసు ఇచ్చారు, నిజమే. కానీ పదేళ్ళ కిందట పేజీ పెట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయి, ఆ పాత ఈమెయిలు కూడా వాడని మనిషికి నోటీసు అందినట్టా, అందనట్టా?

జేసన్ స్కాట్ మొదలైన కొందరు 'ఆర్కైవ్ టీమ్' పేరుతో రాత్రింబవళ్ళు ఆ పేజీలని దింపుకుని, ఏడాది తర్వాత 600 జీబీ పైచిలుకు టొరెంటుగా విడుదల చేశారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చాలా దాచింది. దొరికినవి దొరికాయి. దొరకని వాటి లెక్క ఎవరి దగ్గరుంటుంది?

ఇక కోడ్ పెట్టుకునే చోట్ల సంగతి. 1999 నవంబరులో సోర్స్‌ఫోర్జ్ వచ్చింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పెట్టుకుంటే కోడుకి జాగా, దాంతోపాటు ఆ ప్రాజెక్టు వెబ్ పేజీకి కూడా జాగా. 2006లో గూగుల్ కోడ్ వచ్చింది. అప్పటికి ఏడాది ముందే, 2005 ఏప్రిల్‌లో, లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. 2008 ఏప్రిల్‌లో గిట్‌హబ్ అందరికీ తెరుచుకుంది. దాన్ని స్థాపించినవాళ్ళలో ఒకడైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ అదే ఏడాది చివర్లో జెకిల్ అనే చిన్న పరికరం రాశాడు. మామూలు టెక్స్ట్ ఫైళ్ళు ఇస్తే పూర్తి సైటు ఫైళ్ళుగా మార్చి ఇస్తుంది. 2008 డిసెంబరులో గిట్‌హబ్ పేజెస్ మొదలైంది. గిట్‌తో పుష్ చెయ్యండి, సైటు తయారు. జియోసిటీస్ మూతపడటానికి సుమారు పది నెలల ముందు! ఒక పేట మునిగేలోపు ఇంకో పేట లేచింది.

మొదట్లో ఈ సైట్లు గిట్‌హబ్ డాట్ కామ్ కిందే ఉండేవి. 2013 ఏప్రిల్‌లో భద్రత కోసం గిట్‌హబ్ డాట్ ఐఓ కిందకి మార్చారు. 2016లో అదే రెపోలోని డాక్స్ ఫోల్డర్ నుంచి ప్రచురించే వీలొచ్చింది. 2018 మే నెలలో సొంత డొమైన్లకి కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ద్వారా హెచ్‌టీటీపీఎస్ ఉచితంగా ఇచ్చారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ని 7.5 బిలియన్ డాలర్లకి కొంది.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, తిమ్మాజిపేటలో ఉండే మా చిన్నాయన కొడుకు ఒక సైటు చేశాడు. మా మండలంలో ఆవంచ అనే ఊరుంది. అక్కడ పొలాల మధ్య ఆరుబయట ఒకే బండని చెక్కిన గణపతి విగ్రహం ఉంది. ఇరవై అడుగులకి పైబడి ఎత్తు, కల్యాణి చాళుక్యుల కాలం నాటిదంటారు. ఐశ్వర్య గణపతి అని పిలుస్తారు. మావాడు ఫోటోలూ, దారి వివరాలూ, ఊరి పెద్దలు చెప్పిన కథలూ పోగేసి పేజీలు కట్టాడు. నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, సైటు చేసిన. యాడ పెట్టాలె? పైసల్లేవు."

"ఎన్ని పేజీలు రా?"

"ఏడు. ఫోటోలు నలభై."

"లాగిన్లు గీగిన్లు ఉన్నయా?"

"ఏం లేవన్నా. చదువుకునుడే."

"అయితే గిట్‌హబ్‌ల పెట్టు."

"పైసలెందుకు తీస్కోరు? వాళ్ళకేం లాభం?"

భలే ప్రశ్న. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీర్లు కూడా అడగని ప్రశ్న. జియోసిటీస్‌కి లాభం ప్రకటనల్లో ఉండేది. ప్రకటనలు పండకపోతే పేట మునిగింది. గిట్‌హబ్‌ది వేరే లెక్క. స్టాటిక్ ఫైలు పంపడానికి సర్వరు ఆలోచించక్కర్లేదు, చదివేవాడికి దగ్గర్లో ఉన్న కాష్ నుంచి అందించేస్తే చాలు. ఖర్చు అతి తక్కువ. అసలు డబ్బు కంపెనీల దగ్గర నుంచి వస్తుంది. ఇవాళ ఫ్రీగా వాడిన కుర్రాడు రేపు ఆఫీసులో కూడా అదే అడుగుతాడు. హద్దులు కూడా స్పష్టంగా రాశారు. సైటు 1 జీబీ మించకూడదు. నెలకి 100 జీబీ వరకు ట్రాఫిక్. ఉచిత ఖాతాలో అయితే రెపో పబ్లిక్‌గా ఉండాలి. వ్యాపారం, అమ్మకాలు నడపడానికి కాదు. ఒక్కో సందర్శనకి 2 ఎంబీ అనుకున్నా నెలకి 50 వేల సందర్శనలు. ఆవంచ గణపతికి ఇప్పటికి ఇది ధారాళం.

పని కూడా సులువే. ఖాతా పేరుతో గిట్‌హబ్ డాట్ ఐఓ అనే రెపో ఒకటి తెరవాలి. ఇండెక్స్ పేజీ దాని మూలంలో ఉండాలి. యాడ్, కమిట్, పుష్. సెట్టింగుల్లో పేజెస్ దగ్గర ఏ బ్రాంచి నుంచి ప్రచురించాలో చెప్పాలి. కొద్ది నిమిషాల్లో సైటు కనిపిస్తుంది. జెకిల్ వద్దనుకుంటే నోజెకిల్ అనే ఖాళీ ఫైలు, పేరుకి ముందు చుక్కతో, ఒకటి పడేస్తే సరి. మావాడు సాయంత్రానికి పెట్టేశాడు.

కానీ నాకు అసలు చెప్పాలనిపించింది ఇది కాదు. వాడికి చెప్పింది కూడా ఇక్కడితో ఆగలేదు. మా ప్రాంతం వాళ్ళకి బాగా తెలిసిన ఒక ముంపు కథ ఉంది కాబట్టి ఆ లెక్కలో చెప్పాను. మీకూ అదే చెప్తాను.

ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి అనే ఊరుండేది. అక్కడ చాళుక్యులు కట్టిన సంగమేశ్వరాలయం. (నంద్యాల జిల్లాలో ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడే సప్తనదీ సంగమేశ్వరం వేరు, ఇది వేరు.) శ్రీశైలం ప్రాజెక్టు వచ్చింది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1980ల మొదట్లో నీళ్ళు నిలిచాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి గుడిని మాత్రం పురావస్తు శాఖ వాళ్ళు విప్పారు. రాయి రాయికీ నెంబరు వేసి, విప్పదీసి, అలంపురానికి తెచ్చి, అదే వరసలో మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళు ఇరవైకి పైగా అలాగే కదిలొచ్చాయి. సోమశిల, జటప్రోలు గుళ్ళదీ ఇదే కథ. ఇప్పుడు అలంపురం వెళ్తే సంగమేశ్వరాలయం చూడొచ్చు. చెబితే తప్ప అది వేరే చోట పుట్టిన గుడి అని తెలియదు.

గిట్ చేసేది అక్షరాలా ఇదే పని. ప్రతి కమిట్‌కీ, ప్రతి ఫైలుకీ ఒక నెంబరు. క్లోన్ చేస్తే ఇప్పటి ఫైళ్ళే కాదు, ఎవరు ఎప్పుడు ఏ రాయి మార్చారో ఆ చరిత్ర మొత్తం మీ దగ్గరికి వచ్చేస్తుంది. జియోసిటీస్‌లో ఎడిటర్‌లోనే నేరుగా పేజీ రాసుకున్న మనిషి చేతిలో ఏమీ మిగల్లేదు. గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. గిటోరియస్ అంతకుముందు ఏడాదే మూతపడింది. అక్కడి ప్రాజెక్టులు చాలావరకు గొడవ లేకుండా వేరే చోటుకి వెళ్ళిపోయాయి. దాతలు మంచివాళ్ళు కాబట్టి కాదు. రాళ్ళకి నెంబర్లున్నాయి కాబట్టి. అందుకే నా దృష్టిలో గిట్‌హబ్ పేజెస్ చరిత్రలో ముఖ్యమైన మాట ఫ్రీ కాదు. పెకలించుకుని పోగలగడం.

అయితే కూడవెల్లి దగ్గర ఇంకో సంగతి ఉంది. సంగమేశ్వరుణ్ణి తెచ్చారు గానీ సంగమాన్ని తేలేకపోయారు. రెండు నదులు కలిసే చోట ఉండాల్సిన దేవుడు ఇప్పుడు ఊరి దగ్గర ఉన్నాడు. ఆ పేరుకి అర్థం ఇచ్చిన చోటు నీళ్ళలో ఉంది. వెబ్‌లో ఆ చోటే చిరునామా. ఫైళ్ళన్నీ క్షేమంగా వేరే హోస్టుకి మార్చినా, ఎవరో ఎక్కడో ఇచ్చిన లింకులు, వికీపీడియాలో పెట్టిన మూలాలు, స్కూలు నోటీసు బోర్డు మీద రాసిన అడ్రసు అన్నీ పాత చోటుకే వెళ్తాయి. గిట్‌హబ్ డాట్ ఐఓతో ముగిసే చిరునామా మీది కాదు. పేట మారితే పోతుంది.

పేట మునగడానికి డ్యామే కట్టక్కర్లేదు కూడా. 2014 డిసెంబరులో మన ప్రభుత్వం ఉగ్రవాద సంబంధిత సమాచారం ఉందని 32 చిరునామాలని ఆపమని ఆదేశించింది. అందులో గిట్‌హబ్ గిస్ట్, పేస్ట్‌బిన్, విమియో, ఇంటర్నెట్ ఆర్కైవ్, వీబ్లీ లాంటి ఉచిత హోస్టింగులు ఉన్నాయి. కొద్ది వారాల్లో చాలావాటిని మళ్ళీ వదిలేశారు. ఈలోపు ఏ పాపమూ ఎరుగని పేజీలన్నీ మన దేశంలో చాలామందికి కనబడలేదు. 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియా డెవలపర్లకి గిట్‌హబ్ కొన్ని సేవలు ఆపేసింది. ఇరాన్ వాళ్ళకి మళ్ళీ పూర్తిగా తెరుచుకోవడానికి 2021 దాకా పట్టింది. దాత మంచివాడే కావచ్చు. దాత మీద కూడా రాజు ఉంటాడు కదా.

అందుకని తమ్ముడికి చెప్పినవి, మీకూ పనికొస్తాయనుకుంటున్నవి:

ఒకటి. సొంత డొమైను కొనండి. మొత్తం వ్యవహారంలో డబ్బు పెట్టాల్సింది దీనికొక్కదానికే. సీనేమ్ ఫైలు, డీఎన్ఎస్‌లో రెండు లైన్లు. హోస్టు మారినా చిరునామా మారదు. అంటే సంగమాన్ని కూడా వెంట తీసుకెళ్ళినట్టే. రెన్యువల్ మాత్రం మర్చిపోవద్దు, డొమైనుకీ ఆచంద్రార్కం లేదు.

రెండు. రెండో చోట కూడా పుష్ చెయ్యండి. గిట్‌కి ఇంకో రిమోట్ జోడించడం ఒక లైను పని. గిట్‌ల్యాబ్ ఉంది, ఇంకా ఉన్నాయి. ఒక కాపీ ఊళ్ళో ఎవరి లాప్‌టాప్‌లోనో ఉండాలి. ఒక్కటే కాపీ ఉందంటే అది భద్రత కాదు, అదృష్టం.

మూడు. తెలుగు యూనికోడ్‌లోనే రాయండి. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అని ప్రకటించండి. అక్షరాలని ఫోటోగా తీసి పెట్టకండి. వాట్సాప్ పోస్టర్లు చేసేవాళ్ళకి ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. బొమ్మలో ఉన్న తెలుగుని వెతకడం కష్టం, రేపు ఎవరికీ దొరకదు.

నాలుగు. తాళాలు ఇద్దరి దగ్గరైనా ఉండాలి. ఊరి సైటు ఒక్క కుర్రాడి ఖాతాలో ఉంటే, వాడికి ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోయిన రోజు ఆ సైటు అనాథ. గిట్‌హబ్‌లో ఆర్గనైజేషన్ అని ఫ్రీగానే తెరవొచ్చు, ఇద్దరు ముగ్గురిని యజమానులుగా పెట్టొచ్చు.

ఐదు. అప్పుడప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పేజీని సేవ్ చెయ్యమని అడగండి. పైసా ఖర్చు లేదు.

స్టాటిక్ సైటుకి లోట్లు లేవని కాదు. వ్యాఖ్యలు రాయాలంటే వేరే ఏర్పాటు కావాలి. వెతుకులాట బ్రౌజర్లోనే నడవాలి. కమిట్, పుష్ అంటే ఊళ్ళో పంతులుగారికి అర్థం కాదు. గిట్‌హబ్ సైట్లోనే పెన్సిల్ గుర్తు నొక్కి మార్చొచ్చు కానీ, ఆ తెరంతా ఇంగ్లీషు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఏడు పేజీల ఊరి సైటుకి డేటాబేసు, ప్లగిన్లు, నెలనెలా అప్‌డేట్లు పెట్టి, రెండేళ్ళకి హ్యాక్ అయి మందుల ప్రకటనలు కనబడే స్థితికి తెచ్చుకోవడం కంటే ఇది నయం. కదిలే భాగాలు ఎంత తక్కువుంటే అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆవంచ బండకి ప్యాచులు వెయ్యాల్సిన పని లేదు.

చివరగా ఒక్క మాట. శ్రీశైలం ముంపులో గుళ్ళకి నెంబర్లు వేసి తెచ్చారు. మంచిదే. కానీ ఆ ఊళ్ళలో ఇళ్ళకి, అరుగులకి, బావులకి, పొలాల పేర్లకి ఎవరూ నెంబర్లు వెయ్యలేదు. ఇల్లు ఖాళీ చేసిన మనుషులు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. పెద్దవాటిని కాపాడటానికి ప్రభుత్వాలుంటాయి, శాఖలుంటాయి. అలంపురం నవబ్రహ్మల గురించి రాయడానికి పండితులున్నారు. మీ ఊరి బావి పేరేంటో, ఆ చెలక పేరు ఎందుకలా వచ్చిందో, మీ బడి ఏ ఏడు మొదలైందో మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? గిట్ ఎలా వాడాలో ఈ టపా చదివేవాళ్ళలో చాలామందికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆఫీసులో రోజూ ఎవరి కోడుకో నెంబర్లు వేస్తూనే ఉన్నాం.

ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ ఊరికి ఫోన్ చెయ్యండి. పెద్దవాళ్ళెవరైనా చెబుతుంటే టైపు చెయ్యండి. ఒక్క పేజీ చాలు. పుష్ చెయ్యడం తర్వాత సంగతి, అది పది నిమిషాల పని. అడిగి రాసుకోవడమే కష్టం. దానికి చెప్పే మనిషి ఉండాలి, ఆ మనిషికి మాత్రం క్లోన్ లేదు.